దున్నని జానెడు

కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు
గాజుసీసాల మీద దుమ్ము తుడిచినవాణ్ణి.
పదిహేడో నంబరు సీసాలో ఊసరవెల్లి.
ఫార్మలిన్ దాని రంగంతా తాగేసి
పాత పంచె రంగు మిగిల్చింది.
తోక మాత్రం చుట్టుకునే ఉండేది,
పట్టుకోవడానికి కొమ్మ లేకపోయినా.

రిటైరయ్యాక దామలచెరువు పక్కన
బావమరిది మామిడితోపులో లెక్కలు రాస్తున్నాను.
కార్తీకం ముసురు వెలిసిన పొద్దు,
తోతాపురి మాన్ల మధ్య ట్రాక్టరు దున్నుతోంది.
కావలి చెంగల్రాయుడు ఉన్నట్టుండి
తలగుడ్డ విప్పి ఊపాడు.
"నిలుపప్పా, నిలుపు! కిందికి దిగుతా ఉండాది!"

మాను మొదట్లో ఆమె.
ఒక అడుగు ముందుకేసి, దాన్నే వెనక్కి లాగి,
మళ్ళీ వేసి,
అప్పు అడగడానికొచ్చినవాడు గడప దగ్గర ఊగినట్టు.
వేళ్ళు రెండూ మూడుగా చీలిన పటకారు కాళ్ళు
బెరడుని వదల్లేక వదులుతున్నాయి.
కుడికన్ను ట్రాక్టరు మీద, ఎడమకన్ను నా చెప్పుల మీద.
పురుగు కనబడితేనే ఆ రెండూ ఒక మాట మీదికొస్తాయి.
అప్పుడు ఒంటికన్నా పొడుగు నాలుక
మన రెప్ప పడేలోగా పోయి వచ్చేస్తుంది.

డ్రైవరు గురవయ్య కిందికి దూకాడు.
"నెత్తురు పీలుస్తాదంట. కొట్టేద్దామా?"
"అది తొండని అంటారులే, అదీ అబద్ధమే.
ఇది కడుపుతో ఉండాది, పక్కలు చూడు ఎట్ల ఉబ్బినాయో."

ఎర్రనేల, ఎర్ర ట్రాక్టరు.
ఆమె ఎర్రబడలేదు.
పచ్చ ఒంటిమీద పసుపు చుక్కలు
మమ్మల్ని చూసి నల్లబడ్డాయి, అంతే.
భయానికొక రంగు, చలిపొద్దుకొక రంగు,
'నా కడుపు పండింది, దగ్గరికి రాకు' అని
మగదానికి చెప్పే రంగు ఇంకొకటి.
చర్మం కింద పంచదార పలుకుల్లాంటి అద్దాలు
దగ్గరికి జరిగితే ఒక వెలుగు, ఎడంగా జరిగితే ఒకటి.
అది మాట్లాడుతుంటే మనం వేషమనుకున్నాం.
కండువా మార్చినవాణ్ణల్లా దాని పేరు పెట్టి తిట్టాం.
నయం, దానికి బయట చెవులు లేవు.

లైబ్రరీ పుస్తకంలో చదివాను ఒకప్పుడు.
దీని చుట్టాలు సగం మంది మడగాస్కరు దీవిలోనేనట.
ఒకటి అగ్గిపుల్ల తలమీద నిలబడుతుంది, ఒకటి పిల్లిపిల్లంత.
ఆఫ్రికా కొండల్లో మూడుకొమ్ముల మొనగాడు.
ఇంకొకటి గుడ్డులోనే ఎక్కువ కాలం బతికి
బయట నాలుగైదు నెలలు ఎండ చూసి పోతుంది.
అంత వంశంలో మనకు దక్కింది ఈ ఒక్క జాతే,
అదీ గంటకింత బాడుగ ట్రాక్టరు ముందు.

పాదు గట్టున తవ్వడం మొదలుపెట్టింది.
తల లోపల, తోక బయట.
గురవయ్య ఇంజను ఆపి, సంగటి తిని,
చెట్టుకింద ఒక నిద్ర తీసి లేచాడు.
ఇంకా తవ్వుతోంది.
పొద్దు వాలేటప్పటికి గుడ్లు పెట్టి,
మన్ను కప్పి, కాళ్ళతో అదిమి,
మాను ఎక్కి పోయింది.
వెనక్కి తిరిగి చూడలేదు.
ఒక కన్ను వెనక్కే ఉందేమో, చెప్పలేను.

"నాలుగు గంటల బాడుగ ఏ పద్దు కింద రాసినావు?"
బావమరిది కేకలు.
'కాన్పు ఖర్చు' అని రాశాను.
చెంగల్రాయుడు మూడు రాళ్ళు పెట్టిన చోట
జానెడు నేల దున్నకుండా మిగిలింది.

కాయలు కోసి గుజ్జు ఫ్యాక్టరీకి పంపేశాం.
తొలివాన పడ్డ మర్నాడు
రాళ్ళ మధ్య మట్టికి చిన్న బెజ్జం.
పక్కన గడ్డిపరక చివర
చిటికెనవేలంత ఒకటి, తోక చుట్టుకుని.
ఈ తోకకి పట్టుకోను గడ్డి ఉంది.
వేలు చాపాను.
ఎక్కలేదు. నన్ను చూసి నల్లబడింది.
తిట్టిందనుకుంటా.
వేలు వెనక్కి తీసుకున్నాను.